అడవి దారిలో సైకిల్: ముల్లు కనబడగానే పీకొద్దు

విజయవాడ నుంచి పిల్లలతో కొండపల్లి అడవి వైపు, మూలపాడు దగ్గర కార్లు తిరగని మట్టి దారుల్లో సైకిల్ తొక్కడానికి వెళ్తున్నారా? ఎండ గురించి అందరూ చెబుతారు, ముళ్ళ గురించి ఎవరూ చెప్పరు.

టైరులో తుమ్మ ముల్లు దిగితే కంగారుపడి పీకేయకండి. ఆ ముల్లే రంధ్రాన్ని కొంత మూసి ఉంచుతుంది, గాలి నెమ్మదిగా పోతుంది. నీడకి చేరాకే తీయండి. ట్యూబ్ మార్చే ముందు టైరు లోపల చుట్టూ పాత గుడ్డతో తుడవండి. విరిగిన మొన ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. మొదటిసారి మేం ఇలా చూసుకోలేదు. కొత్త ట్యూబ్ కూడా పది నిమిషాల్లో పంక్చరైంది, మా చిన్నాడి సైకిల్ రోడ్డు దాకా నడిపించుకుంటూ వచ్చాం. వాడి కళ్ళలో నీళ్ళు చూస్తే ప్రాణం ఉసూరుమంది. పిల్లల సైకిల్‌కి సరిపోయే ట్యూబ్ విడిగా పెట్టుకోండి, పెద్ద సైకిల్ ట్యూబ్ దానికి పట్టదు.

తాగే నీళ్ళు సగం కాకముందే వెనక్కి తిరగండి, పిల్లలు ‘ఇంకాస్త దూరం’ అన్నా సరే. అటవీ శాఖ వాళ్ళు అనుమతించిన దారి దాటొద్దు.

పొణికి చెట్టు కనిపిస్తే పిల్లలకు చూపించండి. కొండపల్లి బొమ్మలు ఆ కర్రతోనే చెక్కుతారు.