దెబ్బ తగలకుండానే చీలిన ఇత్తడి బిందె: సమస్య - పరిష్కారం

లక్షణం: వానాకాలమంతా మూలన పెట్టిన బిందెను తీసి చూస్తే సన్నని చీలిక. కింద పడింది లేదు, కొత్తగా సొట్ట పడిందీ లేదు. అతుకు వేయిస్తారు. నాలుగు నెలలకు ఆ అతుకు పక్కనే మరో చీలిక! తప్పంతా మాట్లు వేసినవాడి మీదకు వస్తుంది.

సుత్తి పట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. దీనికి సొట్ట ఎప్పుడు తీయించారు? ఆ తర్వాత ఎక్కడ పెట్టారు? ఈ మాట అడగక ఒకే గంగాళానికి మూడుసార్లు అతుకు వేశాను. నాలుగోసారి వాళ్ల ఇంటికే వెళ్లి చూస్తే, అది యూరియా బస్తాల మీద బోర్లించి ఉంది.

కారణం: ఇత్తడి లోపలంతా కంటికి కనిపించని రేణువుల కూర్పు. సుత్తి దెబ్బలకు అవి సాగి, నలిగి రేకు బిగుసుకుంటుంది. సొట్ట పోయినా లాగుడు లోపలే ఉండిపోతుంది. దానికి మన డెల్టా చెమ్మ, పశువుల మూత్రం నుంచో తడిసిన యూరియా నుంచో వచ్చే అమోనియా తోడైతే రేణువుల మధ్య సందులు విడిపోతాయి. బ్రిటిషు పాలనలో గుర్రపుసాలల దగ్గర నిల్వ చేసిన తూటాల ఇత్తడి గొట్టాలూ వానాకాలంలో ఇలాగే పగిలేవి. దోషి అమోనియా అని 1921లో ముగ్గురు పరిశోధకులు తేల్చారు. ఇత్తడి పనికి పేరున్న అజ్జరం ఊరి పనివాడి చేతి బిందె అయినా దీనికి మినహాయింపు లేదు.

పరిష్కారం: అతుక్కన్నా ముందు బిందె మొత్తాన్ని 250-300 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి, మెల్లగా చల్లారనివ్వాలి. చీలిక దగ్గర ఒక్కచోటే కాలిస్తే లాభం లేదు. ఎర్రబడేదాకా కాల్చకండి, రేకు మెత్తబడి బిందె ఆకారం చెడుతుంది. వేడి కొలిచే సాధనం లేకపోతే బిందె పక్కన ఒక పెంకు మీద తగరం ముక్క, సీసం ముక్క విడివిడిగా పెట్టండి. తగరం 232 దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. మొదటిది కరగాలి, రెండోది కరగకూడదు. ఆ వేడికి లోపలి కళాయి (తగరం పూత) కూడా కరుగుతుంది కాబట్టి మళ్లీ పూయాల్సిందే. ఆ ఖర్చు ముందే చెప్పండి, తర్వాత గొడవ ఉండదు.

పసుపు రంగు పోయి ఎర్రటి మచ్చలు తేలి, గీకితే పొడి రాలుతుంటే జింకు పోయి రాగి మిగిలినట్టు. ఆ రేకు మార్చడమే. తోమి తోమి అడుగు అరిగిపోవడమూ ఉంది, అది చేత్తో తడిమితేనే తెలుస్తుంది.