బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో రాహేలు వాక్యం చెప్పాల్సి వస్తే

మా చెల్లి కొడుకు పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. ఆదరణ కూడికలో ఒకాయన, హేరోదు రాజు బేత్లెహేము పిల్లల్ని చంపించినప్పుడు ‘రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తోంది’ అని చెప్పే మత్తయి 2:18 చదివి, ‘చూశారా, ప్రవచనం నెరవేరడానికే అలా జరిగింది’ అన్నారు. చెల్లి లేచి లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నేను ఆ వచనాన్ని వదల్లేదు. ఇప్పుడు మా సంఘంలో అలాంటి ఇంటికి వెళ్లాలంటే నన్నే పిలుస్తారు. నేనెలా సిద్ధపడతానో చెప్తాను.

ముందు ఆదికాండము 35 తీయండి. బేత్లెహేము దారిలో కాన్పు కష్టమై యాకోబు భార్య రాహేలు చనిపోతుంది. ప్రాణం పోతూ బిడ్డకి బెనోని అని పేరు పెడుతుంది, అంటే ‘నా దుఃఖ పుత్రుడు’. యాకోబు దాన్ని బెన్యామీను అని మార్చాడు.

తర్వాత యిర్మీయా 40:1. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలిపోయాక, బబులోనుకి తోలుకెళ్లే బందీలు రామాలో ఉన్నారు. సంకెళ్లతో యిర్మీయా కూడా వాళ్లలోనే ఉన్నాడు. రామా యెరూషలేముకి ఉత్తరాన 8 కిలోమీటర్లు, బెన్యామీను గోత్రం వాళ్ల ఊరు. ఇది తెలిశాక, మత్తయి ఎత్తి రాసిన యిర్మీయా 31:15 చదవండి. ఎన్నో వందల ఏళ్ల కిందట పోయిన తల్లి రాహేలు, తన పిల్లల పిల్లలు వరసగా వెళ్లిపోతుంటే ఏడుస్తోంది.

ఇప్పుడు మత్తయికి రండి. బేత్లెహేము యెరూషలేముకి దక్షిణాన ఉంది. అక్కడ హేరోదు రెండేళ్ల లోపు మగపిల్లల్ని చంపిస్తే, మత్తయికి రామా ఏడుపే మళ్లీ వినబడింది. ఒక్క సంగతి మాత్రం తప్పకుండా చూడండి. 1:22లో, 2:15లో ‘నెరవేరునట్లు’ అనే అర్థంతో రాసిన మత్తయి, ఇక్కడ గ్రీకులో ‘అప్పుడు నెరవేరింది’ అని మాత్రమే రాశాడు. అంటే ప్రవచనం నెరవేరడానికే పిల్లలు చనిపోయారని కాదు, వాళ్లని చంపింది హేరోదు. ఈ మాట ఆ ఇంట్లో పైకే అనండి.

నేను ఎక్కువసేపు ఆగేది ‘వారు లేనందున’ దగ్గర. యిర్మీయా హీబ్రూలో వాడిన మాట ‘ఏనెన్ను’, అంటే ‘లేడు’. ఆదికాండము 42:36లో యాకోబు ‘యోసేపు లేడు, షిమ్యోను లేడు’ అన్నప్పుడూ ఇదే మాట. మనమూ ‘చనిపోయాడు’ అనడానికి నోరు రాక ‘మా వాడు లేడు’ అనే కదా అంటాం. ఆ మాట చదివి ఆగిపోండి. వివరించొద్దు. తల్లి ఏడిస్తే ఏడవనివ్వండి, వెంటనే పాట ఎత్తుకోవద్దు. రాహేలు ‘ఓదార్పు పొందనొల్లక’ ఉందని బైబిలే రాసింది. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు.

‘దేవుడికి కావాల్సి తీసుకున్నాడు’ అనకండి.

యిర్మీయా 31లోనే 16, 17 వచనాల్లో దేవుడు రాహేలుతో ఏడుపు ఆపమంటాడు, పిల్లలు తిరిగి వస్తారంటాడు. ఆ మాట చెరలోకి పోయిన పిల్లల గురించి. మత్తయి దాన్ని ఎత్తి రాయకుండా 15 దగ్గరే ఆగాడు. నేనూ మొదటి రోజు అక్కడే ఆగుతాను, ఆ తల్లి అడిగేదాకా.

మా చెల్లి ఎనిమిది నెలలకి అడిగింది. వంటింట్లో బియ్యం ఏరుతూ, ‘అక్కా, ఆ రాహేలుకి తర్వాత దేవుడేమన్నా చెప్పాడా?’ అంది. చేట పక్కన పెట్టించి, ఇద్దరం బైబిలు తీసి 16వ వచనం చదువుకున్నాం.