సొంత వెబ్‌సైటు – నాలుగో పాఠం: డొమైన్ ఎవరి పేరున ఉంది?

పోయిన పాఠంలో డొమైన్ వేరు, హోస్టింగ్ వేరు అని చెప్పుకున్నాం. సైటు ఫైళ్లు ఉండే చోటు హోస్టింగ్. జనం టైప్ చేసే పేరు డొమైన్. రెంటికీ కలిపి ఒకటే బిల్లు వస్తుంటుంది కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఫైళ్లు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. పేరు పోతే మాత్రం ప్యాకెట్ల మీద, షాపు బోర్డు మీద వేయించుకున్న చిరునామా ఇంకొకరిదైపోతుంది. అందుకని ఈ వారం కొత్త పని ఏమీ పెట్టుకోవద్దు. ఉన్నది మనదేనా కాదా చూసుకుందాం.

ఇది నేను గుంటూరులో మా బాబాయి దగ్గర నేర్చుకున్నాను. ఆయనది కారం, పసుపు ప్యాకెట్ల వ్యాపారం. అరండల్‌పేటలో ఒక కుర్రాడు సైటు చేసిచ్చాడు. బాబాయి ఏటా డబ్బు కట్టేవాడు, రసీదులు జాగ్రత్తగా దాచేవాడు. తర్వాత ఆ కుర్రాడు ఉద్యోగం వచ్చి ఊరు వదిలాడు, నంబరు మార్చాడు. సరిగ్గా సంక్రాంతి ఆర్డర్లప్పుడు సైటు తెరుచుకోవడం మానేసింది. "రసీదులన్నీ ఉన్నాయి కదరా, నాది కాకుండా ఎట్టా పోద్ది?" అన్నాడు బాబాయి. ఆ రసీదులు కుర్రాడికి డబ్బిచ్చామని చెబుతాయి, అంతవరకే. రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే సంస్థ) దగ్గర అకౌంటు, ఈమెయిలు, ఫోను నంబరు, చివరికి హక్కుదారు పేరు కూడా అతనివే. అతను మోసం చేయలేదు. తన ఈమెయిల్‌తో చేస్తే పని త్వరగా అయిపోతుందని అలా చేశాడు. అతన్ని వెతికి పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల టెన్షన్ మీకు రాకూడదనే ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

పొలం కొనేముందు ఈసీ తీయిస్తాం కదా. డబ్బు ఎవరిచ్చారని కాదు, రికార్డులో ఎవరి పేరుందని చూస్తాం. డొమైన్‌కీ అలాంటి రికార్డు ఉంది. డాట్ కామ్ పేర్ల పెద్ద పుస్తకం వెరిసైన్ అనే సంస్థ దగ్గర, డాట్ ఇన్ పేర్లది మన దేశపు నిక్సీ దగ్గర ఉంటాయి. వీటిని రిజిస్ట్రీలంటారు. మనకు పేరు అమ్మేది రిజిస్ట్రార్. రిజిస్ట్రార్ కింద రీసెల్లర్లు, అంటే ఆ పేర్లనే మనకు తిరిగి అమ్మేవాళ్లు, కూడా ఉంటారు. మన ఊళ్లో సైట్లు చేసిచ్చే చాలామంది ఈ రీసెల్లర్లే, లేదా వాళ్ల కస్టమర్లు. అయితే పొలంతో పోలిక ఇక్కడిదాకానే. డొమైన్‌ని శాశ్వతంగా ఎవరూ కొనలేరు. ఒకసారికి ఎక్కువలో ఎక్కువ 10 ఏళ్లకు తీసుకోగలం, గడువు తీరకముందే రెన్యూ చేస్తూ పోవాలి. గడువు నడుస్తున్నంత కాలం రికార్డులో హక్కుదారుగా, అంటే రిజిస్ట్రాంట్‌గా ఎవరుంటే పేరు వాళ్లది.

ఇప్పుడు ఫోనో కంప్యూటరో తీయండి. లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్ (lookup.icann.org) లో మీ డొమైన్ కొట్టండి. డాట్ ఇన్ అయితే రిజిస్ట్రీ డాట్ ఇన్‌లో వెతకండి. రిజిస్ట్రార్ ఎవరు, గడువు ఎప్పటిదాకా ఉంది అన్న రెండూ కాగితం మీద రాసుకోండి. క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ అని కనిపిస్తే కంగారు పడకండి. అది డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి తరలించకుండా వేసిన తాళం, ఉండటమే మంచిది. హక్కుదారు పేరు దగ్గర మాత్రం చాలావరకు దాచినట్టు కనిపిస్తుంది. 2018లో యూరప్ గోప్యతా చట్టం అమల్లోకి వచ్చాక ఎక్కువ రిజిస్ట్రార్లు వివరాలు బయటికి చూపడం మానేశారు. కాబట్టి బయట కనిపించకపోతే మీ పేరు లేదని కాదు, ఉందనీ కాదు.

అసలు సంగతి రిజిస్ట్రార్ అకౌంట్‌లోపలే తెలుస్తుంది. లాగిన్ మీ చేతిలో ఉందా? లేకపోతే డొమైన్ మీ చేతిలో లేనట్టే. ఉంటే కాంటాక్ట్ వివరాలు తెరిచి రిజిస్ట్రాంట్ కింద ఉన్న ప్రతి గడీ చదవండి. ముఖ్యంగా ఆర్గనైజేషన్ గడి. మీ పేరు పైన ఉండి, ఆ గడిలో డిజైనర్ కంపెనీ పేరుంటే హక్కు ఆ కంపెనీదవుతుంది. తర్వాత ఫోను నంబరు చూడండి. పని మానేసిన గుమాస్తా సిమ్‌కి ఓటీపీ వెళ్తుంటే లాగిన్ ఉన్నా లేనట్టే.

ఈమెయిల్ విషయంలో ఇంకో చిక్కుంది. సొంత డొమైన్ మీదే పెట్టుకున్న ఈమెయిల్‌ని రిజిస్ట్రార్ అకౌంట్‌కి ఇవ్వకండి. డొమైన్ ఆగిన రోజే ఆ మెయిలూ ఆగుతుంది. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా అందులోకే కదా రావాలి! జీమెయిల్ లాంటి వేరే మెయిల్ ఇచ్చి, దానికి రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి.

లాగిన్ లేనివాళ్లకు ఒక చిన్న పరీక్ష. డాట్ కామ్ లాంటి పేర్లకు రిజిస్ట్రార్లు ఏడాదికోసారి హక్కుదారుకి మెయిల్ పంపి, వివరాలు సరిగ్గా ఉన్నాయో చూసుకోమనాలి. గడువుకు నెల ముందొకటి, వారం ముందొకటి రెన్యూవల్ మెయిళ్లు కూడా పంపాలి. మీ ఇన్‌బాక్స్‌లో, స్పామ్‌లో వెతకండి. ఏళ్ల తరబడి ఒక్కటీ లేదంటే అవి ఇంకెవరికో వెళ్తున్నాయి.

మీ పేరున లేదని తేలితే గొడవ పెట్టుకోకండి. డిజైనర్ అందుబాటులో ఉండగానే సామరస్యంగా అడగండి. అదే రిజిస్ట్రార్ దగ్గర మీరొక అకౌంటు తెరిచి డొమైన్‌ని అందులోకి మార్పించుకోవడం అన్నిటికంటే తేలిక. వేరే రిజిస్ట్రార్‌కి తీసుకెళ్లాలంటే తాళం తీయించి, ఆథ్ కోడ్ (బదిలీకి అనుమతినిచ్చే రహస్య కోడ్) తీసుకోవాలి. కొత్తగా కొన్నా, ఒకసారి బదిలీ చేసినా 60 రోజులదాకా మళ్లీ కదలనివ్వరు. హక్కుదారు పేరు మార్చినప్పుడూ కొందరు ఇలాగే ఆపుతారు, ముందే కనుక్కోండి. గడువు దగ్గర పడ్డ డొమైన్‌కి ముందు రెన్యూవల్ కట్టించి, ఆ తర్వాతే కదపండి.

గడువు దాటితే? డాట్ కామ్‌కి గరిష్ఠంగా 45 రోజులదాకా రెన్యూ చేసే వీలుంటుంది, కానీ అన్ని రిజిస్ట్రార్లూ అన్ని రోజులివ్వరు. రిజిస్ట్రార్ పేరు తొలగించాక ఇంకో 30 రోజులు విడిపించుకోవచ్చు, దానికి మామూలు ఫీజుకి ఎన్నో రెట్లు కట్టాలి. ఆపైన 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. మా బాబాయి ఈ 30 రోజుల్లోనే బయటపడ్డాడు. 1999 క్రిస్మస్‌కి మైక్రోసాఫ్ట్ అంతటిది, హాట్‌మెయిల్ లాగిన్ నడిచే పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యూవల్ మరిచిపోయి, హాట్‌మెయిల్ వాడేవాళ్లు ఇబ్బంది పడితే, బయటి ప్రోగ్రామర్ ఒకాయన తన కార్డు మీద 35 డాలర్లు కట్టాడు. మనకు అలాంటివాడు దొరుకుతాడని కూర్చోలేం.

ఈ వారం ఇంటిపని: డిజైనర్‌కి ఈ మెసేజ్ పంపండి, మాటలు మీకు తగ్గట్టు మార్చుకోండి. "తమ్ముడూ, మన డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉందో చెప్పు. నేను అక్కడే నా పేరున అకౌంటు తెరుస్తాను, దాంట్లోకి మార్చిపెట్టు. హక్కుదారు పేరు, ఈమెయిలు, ఫోను నావి ఉండాలి. నీ పనికి కావలసిన యాక్సెస్ నేనే ఇస్తాను. ఈ ఆదివారం ఇద్దరం కూర్చుని చేసేద్దాం."