న్యూజెర్సీలో బతుకమ్మ: ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి

మాది హనుమకొండ. పద్మాక్షి గుట్ట కింద సద్దుల బతుకమ్మ ఆడుతూ పెరిగినదాన్ని. ఎడిసన్ వచ్చిన మొదటి ఏడాది షాపులో గులాబీలు కొని పేర్చాను. నలభై డాలర్లు పోయాయి, మూడో వరసకే ఒరిగిపోయింది. గులాబీ తల లావు, పక్కదానితో ఒదగదు. గునుగు ఉండాల్సిందే.

గునుగు జాతిని ఇక్కడ సెలోసియా అంటారు. గోధుమ కంకిలా నిలబడే రకం అడగండి, కోడిజుట్టులా ఉండేది వద్దు. మా అమ్మ మూటగట్టి ఇచ్చిన గింజలను ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారు. సరైన కాగితాలు లేకుండా విత్తనాలు తేకూడదట. ఇక్కడే ప్యాకెట్ కొనుక్కోండి. ఏప్రిల్ మధ్యలో కిటికీ దగ్గర చిన్న కుండీల్లో చల్లి, మే మధ్య దాటి మంచు భయం పోయాక బయట నాటండి. బంతి గింజలు అప్పుడే నేరుగా నేలలో వేయొచ్చు.

తంగేడు దొరకదు. బదులుగా సెప్టెంబరులో రోడ్ల పక్కన పసుపుపచ్చగా విరగబూసే గోల్డెన్‌రాడ్ ఉంది. దాంతో తుమ్ములొస్తాయని అందరూ భయపెడతారు గానీ, అసలు దొంగ అదే రోజుల్లో పూసే రాగ్‌వీడ్ అనే మరో కలుపు మొక్క. పార్కులో కోయకండి. నేను తెలిసినవాళ్ల పెరట్లో అడిగి తెచ్చుకుంటాను, కలుపు పోయిందని వాళ్లకీ సంతోషమే.

గునుగును ముందురోజే కోసి, గుప్పెడు గుప్పెడు కట్టలుగా దారంతో కట్టండి. కొసలు వేడినీళ్లలో కలిపిన ఫుడ్ కలర్‌లో ముంచి ఆరబెట్టండి. కొన్ని కట్టలు తెల్లగానే ఉంచండి, వాటి పక్కనే రంగు తేలుతుంది.

తాంబాళంలో గుమ్మడి ఆకులు పరవండి. చలికి అవి నల్లబడితే క్యాబేజీ జాతి ఆకుకూర కొలార్డ్ ఆకులు చాలు. పూలు బయటికి, కాడలు లోపలికి పెట్టి గుండ్రంగా ఒక వరస పేర్చండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. వరస అయిన ప్రతిసారీ మధ్య ఖాళీని తరిగిన కాడలు, ఆకులతో గట్టిగా అదమాలి. అదిమాకే తర్వాతి వరస, అదీ వేలెడు లోపలికి. కడుపు బోలుగా ఉంటే బతుకమ్మ కారెక్కేలోపే కూలుతుంది. చివర పసుపు గౌరమ్మ.

తొమ్మిది రోజులూ పేర్చే తీరిక నాకు లేదు. మొదటి రోజు పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు చిన్నది, చివరి రోజు సద్దులకు పెద్దది, అంతే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కదా, ఎలాగూ పేర్చరు. ఆఫీసు ఉన్న రోజులన్నీ మీ బతుకమ్మకు అలకేనా అంటాడు మా ఆయన. ప్రసాదం సత్తుపిండిలో పల్లీలు వేస్తే పంచేముందు చెప్పండి, ఇక్కడి పిల్లల్లో కొందరికి పల్లీలు పడవు.

ఆట అయ్యాక బతుకమ్మను అడగకుండా ఊరి చెరువులో వదలకండి. మేము పెరట్లో పిల్లల ప్లాస్టిక్ తొట్టిలో వదిలి, మర్నాడు పూలు ఎరువు గుంతలో వేస్తాం.

తాంబాళం కడిగేముందు ఒకసారి కాగితం మీద దులపండి. పండిన కంకుల నుంచి గసగసాలంత నల్లటి మెరిసే గింజలు రాలతాయి. బాగా ఆరబెట్టి, కవర్లో పోసి, పైన సంవత్సరం రాసి పెట్టుకోండి. మూడేళ్లుగా నేను ప్యాకెట్ కొనలేదు.