బ్రౌజర్ భద్రతా హెచ్చరిక: తప్పు కంప్యూటర్‌లోనా, వైఫైలోనా, వెబ్‌సైట్‌లోనా?

ప్రవేశ పరీక్షల దరఖాస్తులకు గడువు ముంచుకొచ్చే రోజుల్లో, హనుమకొండ చౌరస్తాలోనైనా పరకాల, నర్సంపేటల్లోనైనా ఇంటర్నెట్ సెంటర్ల ముందు విద్యార్థులు బారులు తీరతారు. సరిగ్గా అప్పుడే తెర మీద "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అని వస్తే, చాలామంది చదవకుండానే "అడ్వాన్స్‌డ్" నొక్కి ముందుకు పోతున్నారు. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు నింపే పేజీ దగ్గర ఆ తొందర ప్రమాదకరం. హెచ్చరిక కింద సన్నని అక్షరాల్లో ఉండే కోడ్ తప్పు ఏ రకమైనదో చెబుతుంది కాబట్టి, ముందుగా దానిని చదవాలి.

తరువాత ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో అదే చిరునామా తెరిచి చూడాలి. అక్కడ కూడా హెచ్చరిక వస్తే లోపం చాలావరకు వెబ్‌సైట్‌దే. రాకపోతే మన కంప్యూటర్‌నో, మన వైఫైనో అనుమానించాలి.

సమస్య: ఏ సైట్ తెరిచినా హెచ్చరికే, కోడ్‌లో "డేట్ ఇన్‌వాలిడ్"

వెబ్‌సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చూపే డిజిటల్ పత్రమే సర్టిఫికెట్. ప్రతి సర్టిఫికెట్‌కూ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి; బ్రౌజర్ వాటిని కంప్యూటర్ గడియారంతో పోల్చి చూస్తుంది. తెర కుడివైపు కింది మూలన ఎప్పటిదో పాత సంవత్సరం కనిపిస్తే కారణం దొరికినట్లే. తేదీ, సమయం సరిచేసి, టైమ్ జోన్‌ను భారత కాలమానానికి మార్చి, ఇంటర్నెట్ నుంచి సమయం తీసుకునే సెట్టింగ్‌ను ఆన్ చేస్తే హెచ్చరిక పోతుంది.

మరుసటి ఉదయం మళ్లీ అదే వస్తే, మదర్‌బోర్డు మీది సీమాస్ సెల్ అయిపోయిందని అర్థం. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఆ సెల్లే కనుక, రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసే సెంటర్లలో ఈ సమస్య త్వరగా బయటపడుతుంది. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా వాడేది సీఆర్ 2032 అనే మూడు వోల్టుల గుండ్రని సెల్. కరెంటు తీగ పూర్తిగా తీసేసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది అమర్చి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే మూల సెట్టింగ్‌లలో) తేదీ పెట్టాలి.

సమస్య: కొన్ని సైట్లకే హెచ్చరిక, కోడ్‌లో "అథారిటీ ఇన్‌వాలిడ్"

ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను పరికరం గుర్తించడం లేదు. పాత పరికరాల్లో నమ్మదగిన సంస్థల జాబితా కూడా పాతదే ఉంటుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న పాత మూల సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి పరికరం ఆధారంగా తీసుకునేది) 2021 సెప్టెంబరు 30న ముగిసినప్పుడు, అప్‌డేట్‌లు లేని ఎన్నో పరికరాల్లో సైట్లు ఇలాగే ఆగిపోయాయి. విండోస్ 7లో క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్‌తోనే నిలిచిపోయింది. ఫైర్‌ఫాక్స్ తన జాబితాను తానే తెచ్చుకుంటుంది కనుక తాత్కాలికంగా పనికొస్తుంది. అసలు పరిష్కారం ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చడమే.

ఎవరో పంపిన మూల సర్టిఫికెట్‌ను మాత్రం ఇన్‌స్టాల్ చేయవద్దు. అది చేతిలో ఉన్నవారు ఏ సైట్ పేరు మీదైనా నకిలీ సర్టిఫికెట్ తయారుచేసి మన సమాచారం చదవగలరు. 2014 జూలైలో మన దేశపు ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్) సర్టిఫికెట్ వ్యవస్థ నుంచే గూగుల్ చిరునామాలకు అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడ్డాయని బయటపడింది. గుర్తింపు ఉన్న వ్యవస్థలోనే అలా జరిగిందంటే, ముక్కూ మొహం తెలియనివారి ఫైలును ఎలా నమ్మగలం?

సమస్య: హాస్టల్ వైఫైలోనో, స్టేషన్ వైఫైలోనో మాత్రమే హెచ్చరిక

ఆ వైఫై వాడే ముందు తెరుచుకోవాల్సిన లాగిన్ పేజీ అడ్డం వస్తుండవచ్చు. వైఫై సెట్టింగ్స్ నుంచి సైన్ ఇన్ పేజీ తెరిచి లాగిన్ అవ్వాలి. ఆ తరువాత కూడా హెచ్చరిక వస్తుంటే ఆ వైఫై మీద డబ్బు చెల్లింపులు చేయకూడదు.

సమస్య: ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ అదే హెచ్చరిక

కోడ్‌లో "కామన్ నేమ్ ఇన్‌వాలిడ్" అని ఉంటే చిరునామాలోని అక్షరాలను సరిచూసి, ముందు మూడు డబ్ల్యూలు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి ప్రయత్నించాలి. గడువే ముగిసి ఉంటే సైట్ నిర్వాహకులకు తెలియజేయడం తప్ప మనం చేయగలిగింది లేదు.

పాఠశాలలకు, దుకాణాలకు సైట్లు నడిపేవారు ఇక్కడ ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029లో 47 రోజులుగా నిర్ణయమైంది కనుక, చేత్తో రెన్యువల్ చేసే పద్ధతి ఇక సాగదు. రెన్యువల్ తనంతట తాను జరిగేలా పెట్టుకొని, అది పూర్తవగానే వెబ్ సర్వర్ రీలోడ్ అయ్యేలా కూడా చూడాలి. లేకుంటే కొత్త సర్టిఫికెట్ డిస్క్ మీద ఉన్నా సర్వర్ పాతదే చూపిస్తూ ఉంటుంది. కంప్యూటర్‌లో తెరుచుకునే సైట్ కొన్ని ఫోన్లలో తెరుచుకోకపోతే, మధ్యవర్తి సర్టిఫికెట్ (సైట్ సర్టిఫికెట్‌ను మూల సర్టిఫికెట్‌తో కలిపేది) జతచేయలేదేమో చూసి, ఆ రెండూ వరుసగా ఉన్న పూర్తి చెయిన్ ఫైలునే, అంటే సైట్ సర్టిఫికెట్‌తో పాటు మధ్యవర్తి సర్టిఫికెట్ కూడా ఉన్నదానినే, సర్వర్‌కు ఇవ్వాలి.

కొన్ని సైట్లకు "కొనసాగించు" అన్న మార్గమే కనిపించదు. సురక్షిత కనెక్షన్ లేకుండా తెరవవద్దని ఆ సైటే బ్రౌజర్‌ను ఆదేశించి ఉంటుంది కనుక, అడ్డదారి వెతకకుండా పైన చెప్పిన తనిఖీలనే తేదీ నుంచి మొదలుపెట్టాలి.