గ్రీకు రూపంలో ఉన్న హీబ్రూ పేరును గుర్తుపట్టడం ఎలా?

బైబిలులోని కొత్త నిబంధనను గ్రీకులో రాశారు. అందులోని మనుషులు ఎక్కువమంది యూదులు. వారి పేర్ల అర్థం కోసం గ్రీకు నిఘంటువు తిరగేసి లాభం లేదు. పైనున్న గ్రీకు తొడుగు తీసి చూడాలి.

ముందుగా పేరు ఏ భాషదో తేల్చుకోండి. అంద్రెయ, ఫిలిప్పు యూదులే అయినా వారివి గ్రీకు పేర్లే. తోమా, మార్త, ‘బర్’ (కొడుకు)తో మొదలయ్యే బరబ్బ వంటివి హీబ్రూకు తోబుట్టువైన అరామిక్ పేర్లు. వీటిని పక్కన పెట్టండి.

తరువాత గ్రీకు చేర్చినదాన్ని తీసేసి, పోగొట్టినదాన్ని తిరిగి చేర్చండి. రామ శబ్దానికి మనం ‘డు’ చేర్చి రాముడు అన్నట్టే, గ్రీకులు మగవారి పేర్లకు చాలాచోట్ల చివర ‘స్’ తగిలించారు. ‘ష’ ధ్వని గ్రీకులో లేదు, దాని చోట ‘స’ వచ్చింది. హీబ్రూవారు గొంతు లోపలినుంచి పలికే ‘అయిన్’ అనే హల్లు పూర్తిగా రాలిపోయింది. ఈ మూడూ సరిచేస్తే ‘యేసూస్’ కాస్తా ‘యేషూవ’ అవుతుంది. అది యెహోషువకు పొట్టి రూపం; యెహోవాయే రక్షణ అని అర్థం. అపొస్తలుల కార్యములు 7:45లో మోషే వారసుడికి గ్రీకులో ఉన్నదీ ఈ పేరే. తెలుగు బైబిలు అక్కడ యెహోషువ అని వేరుగా చూపింది.

ఇప్పుడు పాత నిబంధనలో అదే పేరు వెదకండి. యోహానుకు యోహానాను, ఎలీసబెతుకు అహరోను భార్య ఎలీషెబ దొరుకుతారు. పేరును విడదీయండి: ‘యో’, ‘యా’ యెహోవా నామంలోని భాగాలు, ‘ఎల్’ అంటే దేవుడు. అన్ని పేర్లూ ఇలా లొంగవు. మరియకు మూలమైన మిర్యాము అర్థంపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఒకే అర్థాన్ని ఖాయంగా చెప్పే జాబితాలను నమ్మకండి.

చివరగా, దొరికిన అర్థంతో వాక్యభాగాన్ని మళ్లీ చదవండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. జెకర్యా, ఎలీసబెతుల కొడుకైన బాప్తిస్మమిచ్చు యోహానునే తీసుకోండి. యోహాను అంటే యెహోవా కరుణించాడు. జెకర్యా అంటే యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడు. ఎలీసబెతులో ‘నా దేవుడు’, ‘ప్రమాణం’ అనే మాటలున్నాయి. బిడ్డ పుట్టి, మూగతనం వీడాక జెకర్యా పలికిన స్తుతిలో, లూకా 1:72–73 దగ్గర, దేవుడు పితరులను కరుణించడం, నిబంధనను జ్ఞాపకం చేసుకోవడం, అబ్రాహాముతో చేసిన ప్రమాణం వరుసగా వస్తాయి. అక్కడి గ్రీకు మాటలు ఆ పేర్లను తలపించవు. హీబ్రూ తెలిసిన చెవికి మాత్రం కొడుకును, తండ్రిని, తల్లిని పేరుపేరునా పిలిచినట్టే వినబడతాయి.