పిల్లలతో, పెద్దవాళ్ళతో నారోబోట్ మీద వారం రోజులు: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

బ్రిటన్‌లో ఉంటూ సెలవులకి ఇండియా వెళ్ళడం కుదరని ఏడాది, ఇంటిల్లిపాదీ ఒక వారం కాలువ మీద నారోబోట్‌లో గడిపి రండి. అంటే ఇరుకు కాలువల్లో పట్టేలా కట్టిన సన్నటి పొడవాటి బోటు, పడకలు, వంటగది అన్నీ లోపలే. అద్దె బోటు నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, మొదటిరోజు బోటు అద్దెకిచ్చేవాళ్ళే దగ్గరుండి నేర్పిస్తారు. కాకపోతే కారు ప్రయాణంలా ప్లాన్ వేస్తే వారమంతా టెన్షనే.

ముందు రూటు. కాలువలో స్పీడు గంటకి 4 మైళ్ళు దాటకూడదు, గట్టుకి కట్టిన బోట్ల పక్కన ఇంకా తగ్గించాలి, లేకపోతే మన అలకి వాళ్ళు తాళ్ళు కట్టడానికి గట్టులో దిగేసిన మేకులు ఊడిపోతాయి. అందుకని గంటకి 3 మైళ్ళ లెక్కన వేసుకుని, ఒక్కో లాకుకి (నీటిమట్టం మారే చోట బోటుని పైకి ఎక్కించే, కిందికి దించే తలుపుల గది) పావుగంట కలపండి. రోజుకి నాలుగైదు గంటలు చాలు. మొదటిసారైతే లాంగోలెన్ కాలువే నా సలహా. ఇంగ్లండ్‌లోని విట్‌చర్చ్ నుంచి వేల్స్‌లోని లాంగోలెన్ ఊరి దాకా సుమారు 30 మైళ్ళు, లాకులు రెండే. పోయేటప్పుడు నీళ్ళు ఎదురు పారతాయి, కాస్త ఎక్కువ టైమ్ పెట్టుకోండి.

దారిలో పోంట్‌కసిల్తె అక్విడక్టు, అంటే కాలువనే నది మీదుగా దాటించే వంతెన, వస్తుంది. థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ అనే ఇంజినీర్లు కట్టింది, 1805లో పూర్తయింది. డీ నది మీద 38 మీటర్ల ఎత్తున ఇనుప తొట్టిలో బోటు వెళ్తుంది, ఒక పక్క రెయిలింగ్ ఉన్న నడకదారి, రెండో పక్క తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. పిల్లల్ని లోపలే కూర్చోబెట్టండి, కిటికీలోంచి బాగానే కనిపిస్తుంది. మా అత్తయ్యది కోనసీమ, అది చూసి "మన గన్నవరం అక్విడక్టు లాంటిదే కదమ్మా, కాస్త ఎత్తు ఎక్కువ" అంది.

నడపడం గంటలో వచ్చేస్తుంది. చుక్కాని కర్ర ఎడమకి నెడితే బోటు ముక్కు కుడికి తిరుగుతుంది, ఎదురు బోటు వస్తే కుడిపక్కకి తప్పుకోవాలి. గోడకి తగలబోతుంటే కాలు అడ్డం పెట్టొద్దు, అది టన్నుల బరువు, తగిలితే తగలనివ్వండి. పిల్లలకి లైఫ్ జాకెట్ మాత్రం బయటికి అడుగుపెట్టినప్పుడల్లా ఉండాల్సిందే, ఇందులో బేరాల్లేవు.

లాకులో, ముఖ్యంగా కిందికి దిగేటప్పుడు, అసలు జాగ్రత్త కావాలి. నిండుగా ఉన్న లాకులోకి వెళ్ళి, వెనక తలుపు మూసి, బోటుని ముందుకి జరపండి. ఆ తలుపు కింద నీళ్ళలో కనిపించని అరుగు ఒకటి ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. అది ఎంతవరకు ఉందో గోడ మీద తెల్లగీత చెబుతుంది. బోటు వెనకభాగం ఆ గీత దాటి ముందుకి ఉండాలి, లేకపోతే నీళ్ళు దిగేకొద్దీ తోక అరుగు మీద ఆగిపోయి, ముక్కు కిందికి వాలి బోటు మునుగుతుంది. అందుకే ఒకరు ఆ గీత మీదనుంచి చూపు తిప్పకూడదు. ఇంకొకరు విండ్లాస్ (తూములు తిప్పే పిడి) చేత్తో పట్టుకుని నీటి తూములు మెల్లగా తెరవాలి, ఏ తేడా వచ్చినా ముందు వాటిని మూసేయాలి. బోటు తాడు చేత్తో పట్టుకోండి కానీ ముడి వేయకండి.

బోటు పైకప్పు మీద బట్టలు ఆరేయొద్దు. మేం ఆరేసిన అత్తయ్య చీర గాలికి నీళ్ళలో పడి ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసేసి, వెనక ప్రొపెల్లర్ పైన ఉండే మూత తెరిచి, చెయ్యి చన్నీళ్ళలో పెట్టి రొట్టె కోసే చాకుతో ముక్కలు ముక్కలుగా కోసి తీశాం, అరగంట పట్టింది. తర్వాత ఆ మూత గట్టిగా బిగించారో లేదో రెండుసార్లు చూసుకోండి, వదులుగా ఉంటే బోటులోకి నీళ్ళొస్తాయి.

వంటకి గ్యాస్ పొయ్యి ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళండి. కరెంటు బ్యాటరీల మీద నడుస్తుంది కాబట్టి రైస్ కుక్కర్, మిక్సీ ఇంట్లోనే ఉంచి, అల్లంవెల్లుల్లి ముద్ద నూరి డబ్బాలో పెట్టుకోండి. పొద్దున్నే పులిహోర కలిపేస్తే మధ్యాహ్నం ఎవరూ వంటగదిలో చిక్కుకోరు. నీళ్ళ ట్యాంకు కుళాయి కనిపించినప్పుడల్లా నింపుకోండి, ఆరుగురు స్నానాలు చేస్తే ఇట్టే అయిపోతుంది.

జులైలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది కానీ, ఐదారింటికల్లా గట్టుకి కట్టేయండి. లాకుల దగ్గర, మలుపుల్లో, బోట్లు తిప్పుకోవడానికి వెడల్పు చేసిన చోట కట్టకూడదు. గట్టు మీద సైకిళ్ళు వెళ్తుంటాయి, తాళ్ళకి ఏదైనా రంగు గుడ్డ కట్టండి. ఆఖరి రోజు బోటు పొద్దున్నే అప్పగించాలి, అందుకని ముందురోజు సాయంత్రానికే గంట దూరంలోకి వచ్చేసి కట్టుకోండి.